ముందు సగం పుణెలో

మా ఇంట్లో నవలను కత్తిపీట మీద కోసేవాళ్లం. వింటే పాపమనిపిస్తుంది గానీ మాకు వేరే దారి లేదు. దీపావళి వెళ్లగానే మా అన్నా వదినె మేస్త్రీ వెంట పుణెకు బిల్డింగు పనికి పోయేవాళ్లు. వాళ్ల బిడ్డను, మా అమ్మను చూసుకుంటూ నేను గోపాల్‌పేటలో ఉండిపోయేదాన్ని. పోయే ముందు వనపర్తి బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద ఏటా ఒక లావు నవల కొనేవాళ్లం. మళ్లీ వచ్చేదాకా వదినె ఆగదు, నేనూ ఆగను. అందుకే ముందు సగం ఆమె మూటలోకి, వెనక సగం నా దిండు కిందికి. ఉగాదికి ఆమె వచ్చాక రెండూ కలిపి దబ్బనంతో కుట్టేవాళ్లం.

ముందు సగం ఎప్పుడూ ఆమెదే. ఇదేం న్యాయమని అడిగితే, "ఊరు ఇడిసి పోయేటిది నేను. కథల గూడ నన్నే నడిమిట్ల దించుతవా?" అనేది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండానే నేను నడిమి నుంచి చదువుకునేదాన్ని.

ఆదివారాలు మేస్త్రీ సెల్లు అడుక్కుని మా వీధి కిరాణా దుకాణానికి ఫోను చేసేది. బిడ్డ గురించి రెండు మాటలు, ఆపైన అంతా పుస్తకమే. "గా అత్త మస్తు గడుసుది పిల్లా, కోడలికి పెరుగు గూడ దాసిపెడ్తది" అని నవ్వేది. నా సగంలో ఆ అత్త అప్పటికే చనిపోయింది. నోరు జారబోతే అరిచేది: "ముందల కథ చెప్పకు! నేనే వచ్చి చదువుకుంట." దుకాణం ఆయన తల పట్టుకునేవాడు: "గింత లొల్లి పుస్తకం కోసమానమ్మా?"

ఆ యేడు సంక్రాంతి దాటాక వదినె సెంట్రింగు చెక్క మీద నుంచి పడింది. నడుము విరిగిందన్నారు. అక్కడి దవాఖానలో మంచం మీద నుంచి అన్నతో ఫోను చేయించింది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"ఆఖరికి ఏమైతదో జర చెప్పు పిల్లా."

"ఏందొదినె గట్లంటవ్? వచ్చి చదువుకో."

"చెప్పు జర."

ఆమె ఇక రాదని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, ఆమే చెప్పింది. దుకాణం మెట్ల మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్లు చూస్తుండగానే మొత్తం చెప్పాను. అత్త చనిపోయిందనగానే, "అయ్యో! గడుసుదే గని, పాపం" అంది. అదే ఆమె చివరి మాట నాతో.

అన్న మూట తెచ్చాడు. గిన్నెలున్నాయి, చీరలున్నాయి, పుస్తకం లేదు. "గుడిసెల్నే ఉండిపోయినట్టుంది" అన్నాడు. వాణ్ని తిట్టాలనిపించింది. వాడి ముఖం చూసి, గిన్నెలు తీసి లోపల పెట్టాను. దీపావళి తర్వాత అదే మేస్త్రీ మళ్లీ వచ్చి ఇంకెవరి కోడలినో తీసుకుపోయాడు. ఏమీ మారలేదు, మారుతుందన్న ఆశ నాకు ఏ మూలా లేదు. ఆ తర్వాత నేను ఒక్క నవలా కొనలేదు.

మొన్న వదినె బిడ్డ నా దిండు కింద నుంచి ఆ సగం లాగింది. అచ్చం తల్లిలాగే, పడుకుని పొట్ట మీద పెట్టుకుంది. ఒక పేజీ చదివి తల తిప్పింది.

"అత్తా, దీని మొదలేదే?"

"మీ అమ్మ కాడుంది" అన్నాను.