చింతపండుకి ఖర్జూరం లెక్క

2024 మార్చి. ఒడిశాలోని బిస్సమ్ కటక్‌లో మా గోడౌన్ వాకిలి నిండా చింతపండు రాశులు. ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని గింజ తీస్తున్నారు. ఈ పని ఏడాదికి నాలుగు నెలలే ఉంటుంది. మిగతా రోజుల్లో వాళ్ళకి నీడపట్టున కూర్చుని చేసే కూలి ఈ చుట్టుపక్కల దొరకదు.

నేను చదివింది మూడో తరగతి. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఈ వ్యాపారం నేనే చూస్తున్నాను. కొండ ఊళ్ళ నుంచి పండు కొని, పెంకు, ఈనె, గింజ తీయించి, విశాఖపట్నంలో ఒక కంపెనీకి అమ్ముతాను. వాళ్ళు దాన్ని గుజ్జు చేసి సీసాల్లో విదేశాలకి పంపుతారు.

ఆ నెల కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. కిలో చింతపండు చెట్టు దిగి వాళ్ళ గేటు చేరేలోపు ఎంత కార్బన్ గాలిలో కలుస్తుందో చెప్పాలట. దానికొక హద్దు పెట్టారు. హద్దు దాటిన వాళ్ళకి ఈ ఏడాది ఆర్డరు లేదు. మా సరుకు దాదాపు అంతా వాళ్ళకే పోతుంది. ఆర్డరు పోతే ఆ ముప్పైమందిని ఇళ్ళకి పంపెయ్యాలి.

లెక్క కట్టడానికి వాళ్ళే ఒక అమ్మాయిని పంపారు. పేరు సుహాసిని, పాతికేళ్ళు ఉంటాయి. వచ్చిన రోజు నీడలో కుర్చీ వేయించుకుని ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది.

"మామ్మగారూ, మీ తోట ఎన్ని ఎకరాలు?"

"తోటేటి?"

"చింత తోట."

"కొండమీద సెట్లున్నాయి. తోటంటే కంచె ఉంతాది. ఇక్కడ నేదు."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. సాయంత్రానికి సంఖ్య వచ్చేసింది, హద్దుకి రెట్టింపు. గట్టిగానే అడిగాను.

"ఇంత పొగ ఎక్కడ్నించి వచ్చిందే అమ్మీ? నేనేటైనా ఇనుం కరిగిస్తన్నానా?"

అప్పుడు చెప్పింది. ఈ పనిలో ఎమిషన్ ఫ్యాక్టర్ అని ఒకటుంది. ఒక లీటరు డీజిలుకి ఇంత, ఒక యూనిట్ కరెంటుకి ఇంత, ఒక కిలో పండుకి ఇంత కార్బన్ అని ఎవరో ముందే కొలిచి పెట్టిన సంఖ్య. ఎంత వాడావో చెప్పి దాంతో గుణిస్తే నీ లెక్క వస్తుంది. అలాంటి సంఖ్యలు వేలకొద్దీ ఉన్న జాబితాని డేటాబేస్ అంటారు. విదేశీ డేటాబేస్‌లో చింతపండు లేదు. లేనప్పుడు దానికి దగ్గరిదాన్ని పెడతారట. దాని పేరు ప్రాక్సీ.

"దగ్గరిదంటే ఏటి పెట్టేవు?"

ఆ అమ్మాయి కాస్త నసిగింది. "ఎండు ఖర్జూరం, మామ్మగారూ."

ఎడారి తోటలో బోరు నీళ్ళు తాగి, ఎరువు తిని, యంత్రంలో ఎండిన ఖర్జూరం లెక్కంతా తెచ్చి నా చింతపండు నెత్తిన పెట్టింది.

"సింతసెట్టుకి ఎవులు ఎరువేసేరే? ఎవులు నీళ్ళు పెట్టేరే? నీకు సదువు సెప్పినోళ్ళు సింతసెట్టు సూడనేదా?"

మర్నాడు పొద్దున్నే ఆ పిల్లని సోమారి చెట్ల దగ్గరికి తీసుకుపోయాను. సోమారి మా దగ్గర గింజ తీసే వాళ్ళకి పెద్ద. కొండ మీద వాళ్ళ ఇంటికి నాలుగు చెట్లున్నాయి. ఆ పిల్ల నోట్‌బుక్ తీయగానే సోమారి ముఖం మారిపోయింది.

"సెట్లు రాసుకుంతే రేపు సెట్లు ఎవులివి, సావుకారమ్మా?"

ఆ అనుమానం న్యాయమైనదే. నోట్‌బుక్ పట్టుకుని కొండెక్కిన వాళ్ళ వల్ల వీళ్ళకి మేలు జరిగింది తక్కువ. సుహాసిని ఆ పేజీ తిప్పి ఖాళీగా ఉందని చూపించింది.

"మీ పేరు గానీ, చెట్ల లెక్క గానీ రాయను. ఎరువు వేస్తారా, నీళ్ళు పెడతారా, ఎలా ఎండబెడతారు, అంతే."

"ఎరువా? దాని కింద మేకలు పడుకుంతాయి. అదీ రాసుకుంతావేటి?" అని సోమారి పకపకా నవ్వింది. ఎండబెట్టేది ఇక్కడేనని పక్కనున్న బండ చూపించింది.

పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. కళ్ళతో చూశానంటే తనిఖీ చేసేవాళ్ళు ఒప్పుకోరట. అచ్చయిన సంఖ్య కావాలి, లేకపోతే మనచోట మనం కొలిచి రాసింది కావాలి. రెండోదాన్ని ప్రైమరీ డేటా అంటారు. సరే, కొలుద్దామన్నాను. ఎరువూ నీళ్ళూ లేని పండుకి కొలవాల్సింది కొండ నుంచి సరుకు దించే జీపుల డీజిలే. వారం రోజులు ప్రతి జీపు ట్యాంకూ బయల్దేరేముందు నింపించాం, తిరిగొచ్చాక నింపించాం. ఎన్ని బస్తాలు తెచ్చింది, ఎన్ని లీటర్లు తాగింది, అన్నీ రాశాం. డ్రైవర్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అన్నాను. వారం తర్వాత కూడితే సంఖ్య హద్దుకి చాలా కిందకి దిగింది.

అప్పుడు కోల్డ్ స్టోరేజీ సంగతి వచ్చింది. చింతపండు బయట ఉంటే నల్లబడుతుంది. అందుకని రాయగడ దగ్గర చల్లటి గది ఒకటి ఏడాదికి మాట్లాడుకుని అందులో దాస్తాం. ఆ గదికి వేరే మీటరుంది.

"ఆ కరెంటుకి సున్నా రాయి," అన్నాను. "మాది కోలాబు నీళ్ళ కరెంటు. డ్యాము నా కళ్ళతో సూసేను. అందులో బొగ్గేటుంది?"

"అలా కుదరదు మామ్మగారూ. నీళ్ళదీ బొగ్గుదీ కరెంటంతా ఒకే తీగల్లో కలిసిపోతుంది. దేశం మొత్తానికి కలిపి ప్రభుత్వం ఏటా ఒక సంఖ్య ప్రకటిస్తుంది. అందరూ అదే వాడాలి."

"డ్యాము మాది, మునిగిన ఊళ్ళు మావి, బొగ్గు లెక్క మా నెత్తినా?"

రెండు రోజులు ఆ పిల్లని కాల్చుకు తిన్నాను. టీ తాగేటప్పుడు అదే మాట, గోడౌనుకి తాళం వేసేటప్పుడు అదే మాట. మూడోరోజు ల్యాప్‌టాప్ మూసి, గొంతు పెంచకుండా అంది:

"ఖర్జూరం పెట్టి నేను తప్పు చేశాను. మీరు తిట్టారు, నేను పడ్డాను. ఇప్పుడు మీరు చేస్తున్నది ఏమిటి? మీకు పనికొచ్చే సంఖ్య పట్టుకుని అదే నిజమంటున్నారు."

నా వయసులో పాతికేళ్ళ పిల్ల చేత అలా అనిపించుకోవడం ఎలా ఉంటుందో చెప్పను. "రాయి, నీ పెబుత్వం సంఖ్యే రాయి," అన్నాను. రాసింది. మొత్తం హద్దుకి కాస్త పైకి తేలింది.

సోమారికి ఆ సాయంత్రం చెప్పాను, వచ్చే వారం పని ఉండకపోవచ్చని. ఆమె ఒడిలో ఉన్న గింజలు దులుపుకుని లేచింది.

మర్నాడు సుహాసిని కోల్డ్ స్టోరేజీ చూస్తానంది. గది తలుపు తీసి లోపలికెళ్ళి, చెంగు చెవులకి చుట్టుకుని బయటికొచ్చింది.

"సగం ఖాళీగా ఉందేంటి?"

చెప్పక తప్పలేదు. మా వ్యాపారంలో ఎవరి దగ్గర ఎంత సరుకుందో పక్కవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే ధర ఆడిస్తారు. అందుకే ఎవరి గది వాళ్ళదే, ఎవరి తాళం వాళ్ళదే. పక్కగది మా తోడికోడలు సత్యవతిది. ఆమెదీ చింతపండే. తొమ్మిదేళ్ళుగా మాకు మాటల్లేవు.

"సగం గదికీ నిండు గదికీ కరెంటు దాదాపు ఒకటే. ఇద్దరి సరుకూ ఒక గదిలో పెడితే కిలోకి పడే లెక్క తగ్గిపోతుంది మామ్మగారూ. ప్రభుత్వం సంఖ్య మార్చక్కర్లేదు."

పైసా పైసా చూసుకునే మనిషినని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరుతోనే సత్యవతి వాకిట్లోకి వెళ్ళాను. గడపలో నిలబెట్టే మాట్లాడింది.

"ఏటక్కా, నా సరుకు సూద్దారని వొచ్చేవా?"

"నా సరుకు నీకు సూపిద్దారని వొచ్చేను," అన్నాను.

ఆ కంపెనీ కాగితం ఆమెకీ వచ్చింది. ఆమె లెక్కలోనూ ఖర్జూరమే ఉంది. ఇద్దరం ఆటోలో రాయగడ వెళ్ళాం. ముందు నా గది తీశాను. తర్వాత ఆమె తనది తీసింది. నా దగ్గర కొండంత సరుకుందని ఆమె, ఆమె దగ్గర ఉందని నేను తొమ్మిదేళ్ళు భయపడ్డాం. రెండు గదులూ సగమే. ఇద్దరం కలిసి ఇన్నేళ్ళూ ఖాళీ గాలిని చల్లబెట్టుకున్నాం.

సత్యవతి ముందు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది, అదీ నా మీదే.

ఒక గది ఖాళీ చేసి అప్పగించేశాం. ఆమె లెక్కలోనూ ఖర్జూరం తీసి జీపుల డీజిలు పెట్టించాం. కొత్త లెక్క హద్దుకి లోపలికి వచ్చింది, ఇద్దరిదీ. ఆర్డరు వచ్చింది. సోమారి వాళ్ళు వర్షాలు పడేదాకా గింజ తీశారు.

ఈ కార్బన్ లెక్కల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్నడిగితే చెప్పేది ఒకటే. సంఖ్య చేతికొస్తే అది ఎక్కడ పుట్టిందో అడగండి. నష్టం తెచ్చే సంఖ్యని ఎవరైనా అడుగుతారు, నేనూ కొండెక్కి మరీ అడిగాను. లాభం తెచ్చే సంఖ్యని కూడా అంత గట్టిగానూ నిలదీయాలి. అది నేను చేయలేదు. ఆ పిల్ల చేసింది, నాచేత రెండు రోజులు తిట్లు తిని మరీ చేసింది.