అంచున పెట్టిన దీపం

మీ మెట్ల పక్క గోడకు వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండర్‌కు దసరా నాడు పసుపు కుంకుమలు పెట్టి బంతిపూల దండ వేశారు, సరే. దాని పిన్ను ఎటు లాగాలో మీ ఇంట్లో ఒక్కరికైనా తెలుసా? ఏ.ఎస్. రావు నగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. దండ ఎండి రాలుతోంది, వాడిన బంతిపూల ఘాటు లిఫ్టు దాకా వస్తోంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, కోపం వెనకే మా ఊరు గుర్తొస్తుంది.

మౌలాలి గుట్టకు తూర్పున, గాలి ఇటు తిరిగితే రైలు కూత వినబడేంత దూరంలో ఉండేది మా పల్లె. వానాకాలం వచ్చిందంటే గడ్డికప్పులు తడిసి ముక్కిన వాసన, బర్రెల కొట్టంలో దోమలకు వేసిన వేపాకు పొగ, పొద్దుగూకేసరికి ఇంటింటా జొన్నరొట్టె కొట్టే చప్పుడు, మనిషెత్తు పెరిగిన చేలల్లో గాలి చేసే గలగల. పీర్ల పండుగ వస్తే బెల్లమూ నెయ్యీ కలిపి పిసికిన మలీద ముద్దల కోసం మతమూ కులమూ అడగకుండా చేతులు చాచే పిల్లల గుంపులో పరికిణీ ఎగగట్టుకుని అందరికంటే ముందుండేదాన్ని నేను.

ఆపదొస్తే ఆదుకోవడానికి ఆ ఊళ్లో ఫైరింజన్ లేదు, డాక్టరు లేడు. రైల్వే కాలనీలో ఒక దవాఖానా ఉండేది గాని అది రైలు నౌకర్లది. మాకున్నది చావిడి దగ్గర ఒక డప్పు, ఇల్లిల్లూ పంచుకున్న బాధ్యతలు. ఇళ్లు అంటుకుంటే వేసే పొడుగు నిచ్చెన ఒకరింట్లో, పురుడు పోసే చేయి మరొకరింట్లో, బావిలో పడిన బొక్కెనలను పైకి లాగే పాతాళగరిగె, అదే ఇనుప కొక్కేల గుత్తి, వీధి చివరి వాళ్లింట్లో. మా ఇంటి వంతు పాతర. వాకిట్లో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, లోపలంతా గడ్డి పరిచి, వేపాకు చల్లి జొన్నలు నింపి, నోటిమీద బండ పెట్టి పేడమట్టితో మెత్తేవాళ్లు. కరువొస్తే మా వీధంతా దాని మీద బతకాలి.

పాతర తెరవడం మా ఇంట్లో ఒక పండుగ. బండ తీసిన రోజు ఎవరూ లోపలికి దిగేవాళ్లు కాదు. "తల్లి ఊపిరి తీసుకుంటది, దూరం పోండ్రి" అని పాతరలోని దేవత పేరు చెప్పి నాయనమ్మ పిల్లలను అదిలించేది. మర్నాడు పాతర అంచున ముగ్గు వేసి, ప్రమిదలో దీపం వెలిగించి, అది నిలకడగా వెలిగితే తల్లి సెలవిచ్చిందని మగవాళ్లను దింపేది. చిన్నతనంలో నాకు ఆ దీపం ఎంతో అందంగా కనిపించేది. అందంగా ఉన్నదాన్ని ఎవరూ ప్రశ్న అడగరు, అదే మన జబ్బు.

పోలీస్ యాక్షన్ జరిగిన ఆ ఏడు మా ఆటలు మారిపోయాయి. అష్టాచెమ్మా పోయి డప్పు ఆట వచ్చింది. నేర్పినవాడు మా చిన్నాయన, నాయిన తమ్ముడు. మూతిమీద ఇంకా సరిగా మీసం దిద్దుకోని, ఎప్పుడూ నవ్వుతుండే మనిషి. డప్పు మోగగానే ఆడపిల్లలం జొన్నచేలల్లోకి ఉరకాలి, చప్పుడు చేయకుండా బోర్లా పడుకోవాలి. నవ్విన పిల్లకు ఆ పూట బెల్లం లేదు. రజాకార్లు ధాన్యం కోసం వస్తారని ఒకనాడు, పట్నంలో కాల్పులని ఒకనాడు, హిందుస్తాన్ ఫౌజు వస్తోందని ఒకనాడు కబుర్లు వస్తుంటే, ఆడవాళ్లు ఇత్తడి బిందెలు బర్రెల కొట్టంలో పాతిపెట్టారు, తలుపుల వెనక కారప్పొడి దాచారు, పేలాలూ సత్తుపిండీ మూటలు కట్టారు. మిరపకారం, తడిసిన మట్టి, భయం, ఈ మూడూ కలిసిన వాసన ఒకటుంటుంది. అది మా ఇంట్లో ఆ వానాకాలమంతా ఉంది.

చివరికి ఒక ముసురు పొద్దున, రోడ్డు మూసేస్తున్నారు, పోయేవాళ్లు ఇప్పుడే పోవాలి అని కబురొచ్చింది. సికింద్రాబాద్‌లో మా మేనత్త ఇంటికి బండి కట్టారు. అక్కడ ఇందరిని ఎవరు మేపుతారని, జొన్నలు తీసుకుపోవడానికి పాతర బండ తీశారు. వానకు మట్టి మెత్తిన చోట చెమ్మ దిగి, గింజలు పులిసిన వాసన గుప్పుమని వచ్చింది.

"ఒక్క పూట ఆగు కొడుకా, తల్లి ఊపిరి తీసుకోవాలె" అంది నాయనమ్మ.

"మనం బండెక్కినంక తీరుబాటుగ తీసుకుంటది తియ్యే అమ్మా! దీపం పెట్టు, చాలు" అన్నాడు చిన్నాయన.

నాయనమ్మ గబగబా ముగ్గు గీసి దీపం పెట్టింది. తాటాకు గొడుగు చాటున అది చక్కగా వెలిగింది. పెళ్లయి ఏడాది కూడా నిండని చిన్నమ్మ గంపలు పట్టుకుని పక్కన నిలబడింది.

"ఏందే, గట్ల మొఖం పెట్టినవ్? తల్లి నన్ను మింగితే నీకు రొట్టెలు చేసే తక్లీఫ్ తప్పుతది గద!" అన్నాడు చిన్నాయన.

"నీ నోట్ల మన్ను వడ! జెర జల్ది దిగి రా" అంది చిన్నమ్మ, నవ్వాపుకుంటూ.

తాడు పట్టుకుని దిగాడు. నల్లని జుట్టు అంచు కిందికి పోవడం నేను చూశాను. గంప అందించమన్న మాట రాలేదు. చిన్నమ్మ వంగి పిలిచింది, నాయిన పిలిచాడు. పక్కింటి మామ సగం దిగి, కళ్లు తేలేసి, జుట్టు పట్టి లాగితే పైకొచ్చి వాకిట్లో వాంతి చేసుకున్నాడు. "తల్లి పట్టింది!" అని ఎవరో అరిచారు. అంతే, వాకిట్లో ఉన్న బుద్ధి అంతా ఆ ఒక్క అరుపుతో ఆవిరైపోయింది. కోడి కోసం ఒకరు, కొబ్బరికాయ కోసం ఒకరు, పూనకమొచ్చి పలికే శివసత్తిని పిలవడానికి ఒకరు పరుగెత్తారు. పాతాళగరిగె కోసం మాత్రం ఎవరూ పరుగెత్తలేదు. దిగబోయిన నాయినను నలుగురు పట్టుకున్నారు; వాళ్లను విదిలించుకుని వీధి చివరికి వెళ్లి ఆ కొక్కేలు ఆయనే తెచ్చుకోవలసి వచ్చింది. చిన్నాయన మొలతాడుకు కొక్కెం తగిలి పైకి వచ్చేసరికి కోడి కోసేశారు. దాని రక్తం వానకు కొట్టుకుపోతోంది. దవాఖానాకు ఉరికిన మనిషి గేటు మూసి ఉందని తిరిగొచ్చాడు. అప్పటికే అవసరం లేదు.

పాతర అంచున దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

మేము భయపడిన రజాకార్లు మా ఊరికి రానేలేదు. ఫౌజు లారీలు పెద్దరోడ్డున పోతుంటే జనం పూలు చల్లారని తర్వాత విన్నాం. ఆ ఏడు మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. వచ్చిన ప్రతి అమ్మలక్కా అడిగిన ప్రశ్న ఒక్కటే: దీపం ఆరలేదే, మరి తల్లి ఎందుకు మింగింది? జవాబు వాళ్లే చెప్పారు. చిన్నమ్మ మైలతో గంపలు ముట్టింది. చిన్నమ్మ ఏడుస్తూ ఒట్టేసింది. ఒట్టేస్తే అబద్ధం కాబట్టే వేసిందన్నారు. ఆమె పుట్టింటికి పోయిననాడు బండి దాకా కూడా ఎవరూ వెళ్లలేదు.

మేము పద్మారావు నగర్‌కు మారాక, బడిలో మా సైన్సు టీచరమ్మ, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు, సోడా ఉప్పులో వెనిగర్ పోసి, గ్లాసులో పుట్టిన కంటికి కనబడని గాలిని నీళ్లు వంచినట్టుగా కొవ్వొత్తి మీద వంచింది. మంట చచ్చిపోయింది. "ఈ గాలి బరువుగా ఉంటుంది, అడుగునే కూర్చుంటుంది. తడిసిన గింజలు పులిసినా ఇదే పుడుతుంది" అంది. ఇంటికి పరుగెత్తి నాయనమ్మను నిలదీశాను: దీపం లోపలికి దింపాలి గదా, అంచున ఎందుకు పెట్టావని.

ఆమె పప్పు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "మా అత్త లోపలికే దింపేది బిడ్డా, తాడు కట్టి. నూనె ఒలికి జొన్నలు ఖరాబైతున్నయని నేనే పైన పెట్టుడు షురూ చేసిన. దీపం దీపమే గద అనుకున్న."

ఒక కోడలు నూనె మరకకు విసిగి చేసిన చిన్న మార్పు. అత్త కారణం చెప్పి ఉంటే ఆ మార్పు జరిగేది కాదు. ఆమె దేవత పేరు చెప్పింది, కారణం చెప్పలేదు. లేదా ఆమెకూ ఎవరూ చెప్పలేదు. ఊపిరి తీసుకోనివ్వడమూ ముగ్గు వేయడమూ ఒకే భక్తి మూటలో కట్టి ఇస్తే, తొందరలో ఏది వదలకూడదో మనిషికెలా తెలుస్తుంది? ప్రాణం కాపాడేదాన్ని వదిలేశారు, కంటికి ఇంపైనదాన్ని ఉంచుకున్నారు. దేవత పేరు చెబితే జనం జాగ్రత్తలు పాటిస్తారు, పోనివ్వండి అనే పెద్దలను నేను ఇందుకే క్షమించను.

పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్లి చిన్నమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. "ఇప్పుడు నాకెందుకే? ఊర్ల ఎవ్వరన్న ఉంటే వాళ్లకు చెప్పు" అంది.

ఊళ్లో ఎవరూ లేరు. ఊరే లేదు. జొన్నచేల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి, పాతర్లు పూడిపోయాయి, డప్పు మోగితే ఎటు ఉరకాలో తెలిసిన ఆడపిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కానీ ఆ గాలి చావలేదు, దానికంటే విషపు గాలులు కూడా మన కాళ్ల కిందే ఉన్నాయి. మొన్న మా వీధిలో సెప్టిక్ ట్యాంకు మూత తీసి, అంచున అగరుబత్తి గుచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఒక పనివాణ్ని దిగమన్నారు. "ఏం గాదు మేడమ్, ప్రతి సంవత్సరం ఇట్లనే చేస్తం" అన్నాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ. మూత మళ్లీ వేయించి, దాని మీద నా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిట్టారు, నవ్వారు, ఫోటోలు తీశారు. సాయంత్రానికి పైపుతో తోడే యంత్రం వచ్చింది.

మీ వీధిలోనూ రేపో మాపో ఆ మూత తీస్తారు. అక్కడికి వెళ్లండి. నిప్పు దింపి చూడకండి, ఆ గాలి అంటుకుంటుంది. లోపల ఎవరైనా పడితే వెనకే దూకకండి. అసలు ఏ మనిషినీ దిగనివ్వకండి. యంత్రం వచ్చేదాకా ఆ మూత మీద నుంచి లేవకండి.