బదులు పలికిన గోడ

ఆ రోజుల్లో ఇల్లు కొనడమంటే వాకిలి ఏ దిక్కున ఉందో చూడటం, బావి నీళ్లు తాగి చూడటం, బేరమాడటం, అంతే. గోడల్ని ఒక మేస్త్రికి చూపించి, చూసినందుకు డబ్బులివ్వాలంటే మావాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వాను. కోస్గి బడిలో కొత్తగా పంతులునయ్యాను, పెళ్లై ఏడాది, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ.) ఏడాదిగా తాళం వేసి ఉన్న ఒక మట్టిమిద్దె నచ్చింది. అమ్మే ఆయన "మా మేస్త్రి ఉన్నడు సారూ, ఊకెనే చూసిపోతడు, పైస అక్కర్లేదు" అంటే సరేనన్నాను. మా ఆవిడ మాత్రం బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే "అమ్మెటోని మనిషి మనకు నిజం చెప్తడా?" అంది.

అట్లా మేము వెతికి పట్టుకున్నది గుండు మేస్త్రిని. (నెత్తి గుండు కాదు, గోడ నిలువు చూసే ఇనుప గుండు ఎప్పుడూ నడుముకు వేలాడుతుండేది.) పది రూపాయలడిగాడు. ఐదుకు రమ్మన్నాను. "ఐదుకైతే సగం ఇల్లే చూస్త. ఏ సగం కూలుతదో నువ్వే చెప్పు సారూ" అన్నాడు. పది ముందే చేతిలో పెట్టాను.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. తాళం తీసి మా ఆవిడ, నేను, మేస్త్రి లోపలికి వెళ్లాం. బయట నిప్పులు కురుస్తుంటే లోపల చల్లగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది. చిలక్కొయ్యకు ఎర్రంచు చీర ఒకటి వేలాడుతోంది. గాలి లేదు, అయినా కొంగు కదిలినట్టనిపించింది. ఎవరిదని అడగబుద్ధి కాలేదు. మేస్త్రి గుండు వదిలి నిలువు చూశాడు, దూలాలు చూశాడు, వంటింటి గోడ దగ్గర ఆగి, వేళ్ల కణుపులతో మూడుసార్లు కొట్టి చెవి ఆనించాడు.

గోడ లోపలి నుంచి మూడు దెబ్బలు తిరిగి వినిపించాయి.

"మారుమోత" అన్నాను, పంతుల్ని కదా. మేస్త్రి మళ్లీ మూడు కొట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మూడు దెబ్బలు, ఇంకా గట్టిగా. మారుమోత అంతసేపు ఆలోచించదు. ఆ వెనకే సన్నటి ఆడగొంతు, "చెల్లే... వచ్చినవా?"

ఆ తర్వాత నాకు గుర్తున్నది వీధిలో ఎండ. చెప్పులు లోపలే, మా ఆవిడా లోపలే. మేస్త్రి నాకన్నా ముందే బయట ఉన్నాడు. మా ఆవిడ నింపాదిగా వచ్చి, మా ఇద్దర్నీ ఒకసారి చూసి, పక్కింటి తలుపు తట్టింది. ఒక అవ్వ తీసింది. మొహమంతా వెలుగు, మమ్మల్ని చూడగానే అది ఆరిపోయింది.

"నా యారాలు అనుకున్న బిడ్డా" అంది. (తోటికోడలిని మావైపు అట్లా అంటారు.) "నిప్పు గావాలంటే గా గోడ మీద మూడు కొట్టేది. సచ్చి ఏడాదాయె. ఇయ్యాల మల్ల కొట్టింది అనుకున్న."

అప్పుడు మేస్త్రికి చదువంతా తిరిగొచ్చింది. ఒక్క ఇంటినే అన్నదమ్ములు పంచుకున్నారట. "రెండిండ్ల దూలాలు గీ ఒక్క గోడ మీదనే ఉన్నయి సారూ. గిది తొలిస్తే ఇద్దరి నెత్తిన పడ్తది." పుస్తకాలకు అల్మారా తొలిపించాలనుకున్న గోడ అదే. అమ్మే ఆయన ఆ ముక్క చెప్పనే లేదు. ఈ ఇల్లు మనకొద్దన్నాను, దూలాలు సాకుగా పెట్టి.

"గీ ఇల్లే కొందాం" అంది మా ఆవిడ. "ఆమె కొడితే ఎవరో ఒకరు పలకాలె గద."

ఉమ్మడి గోడ అని కాయితంలో రాయించుకుని కొన్నాం. మా ఆవిడ పుట్టింటికి వెళ్లిన ఒక పొద్దున నేనొక్కణ్నే ఉండగా గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. అవ్వేనని తెలుసు. నిప్పులు పట్టుకుని, వీధి చుట్టూ తిరిగి, అవ్వ వాకిట్లో ఇచ్చి వచ్చాను గాని, గోడకు బదులు కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ పంతుల్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది. ముసలామె చెవి ఆనించి ఎంతసేపు నిలబడిందో! మూడంటే మూడు దెబ్బలు, కొడితే ఏం పోయేది?