తునికాకు మీద సూది

మా వాడకట్టు సోషల్ సారు మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయారు. కబురు వచ్చేసరికి నేను తులసి దగ్గర దీపం పెడుతున్నాను. ఆ దీపం ఆయనకే అనుకున్నాను.

ఏ మాటకైనా "జర నిలవనియ్యి" అనేవారు. వేడి చాయ్ అయినా, వాకిట్లో కొట్లాట అయినా, జవాబు తోచని పిల్లలైనా అదే మాట. మార్కెట్‌కు పసుపు దిగే రోజుల్లో, ఆ దారిన నడిచొచ్చే ఆయన తెల్ల ధోవతి సాయంత్రానికి పచ్చబడేది.

ఎనభైల్లో మా చిన్న తమ్ముడు దుబాయి వెళ్లాడు. నెలలు గడిచినా జాబు రాలేదు. అమ్మ బీడీలు చేసీ చేసీ, పొద్దుగూకే వేళ లేచి హైదరాబాద్ రోడ్డు వైపు తిరిగి మొక్కేది. మొక్కాక కూడా ఒక్కోనాడు అన్నం ముట్టేది కాదు.

పక్కింటామె చూసి ఊరుకోలేదు. "ఏందొదినె, దక్షిణం మొక్కుతున్నవు? యముని దిక్కు గాదా?"

"బస్సు గటే పోయింది మరి," అంది అమ్మ. ఆ రోజు నుంచి అన్నం గిన్నె మూత తీయడమే మానేసింది.

సారును పిలుచుకొచ్చాను. పాత రేడియోలోని అయస్కాంతానికి సూదిని ఒకే వైపు రుద్ది, అమ్మ బీడీలకు కత్తిరించిన తునికాకు ముక్క మీద పెట్టి, ఇత్తడి గిన్నెలో నీళ్ల మీద వదిలారు. సూది తిరిగి తిరిగి అమ్మ వైపు ఆగింది.

"నన్నే సూస్తుంది సారూ," అని నవ్వింది అమ్మ, చాలా రోజులకు.

"నిన్ను గాదు చెల్లె, నీ ఒళ్లో కత్తెరను. జర అవతల పెట్టు."

సూది ఉత్తరానికి నిలిచింది. సారు మెల్లగా చెప్పుకుపోయారు. ఎన్నో వందల ఏళ్ల కింద చైనావాళ్లు అయస్కాంతపు రాయితో గరిటె చేసి దిక్కులు చూసేవారట. తర్వాత చేపలాంటి ఇనుప రేకును నీళ్ల మీద తేల్చేవారట. చుక్కలు కనబడని మబ్బు రోజున ఓడవాళ్లు దాన్నే నమ్ముకున్నారట. వింటుంటే ఆ గిన్నెలో నీళ్లే సముద్రమనిపించింది, అవతలి ఒడ్డున తమ్ముడు నిలబడినట్టు.

"వాళ్లు దాన్ని దక్షిణం సూపేదనే పిలిచిండ్రు చెల్లె. గది చెడ్డ దిక్కయితే గట్ల పేరు పెడ్తరా? నీ మొక్కు యాడికీ పోలే. పిలగాడు మాత్రం గిటున్నడు," అని పడమర చూపారు.

అమ్మ అటు తిరిగి మొక్కి, కంచం దగ్గరికి జరుపుకుంది. జాబు తర్వాతెప్పుడో వచ్చింది, తమ్ముడూ వచ్చాడు.

నిన్న పొద్దుగూకే వేళ అమ్మ ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసింది. తనకిప్పుడు చూపు ఆనదు. సారు రుద్దిన సూదినే నేను ఆకు మీద పెట్టాను. కత్తెర తనే తడుముకుని అవతల పెట్టింది. సూది ఏ దిక్కున ఆగిందో చెప్పబోతే నా చేయి పట్టుకుని, "జర నిలవనియ్యి," అంది.

నిలిచాక చెప్పాను. అమ్మ దక్షిణానికి తిరిగి చేతులు జోడించింది. నీళ్ల మీద ఆకు సన్నగా వణుకుతూనే ఉంది.