కప్పు ఊపని అతిథులు

నేను దుబాయ్ పోతానంటే మా అక్క ఆపలేదు గానీ, వెంట బావ కూడా బయలుదేరేసరికి నా చెయ్యి పట్టుకుంది. "తమ్మీ, ఆయనకు ఎండ పడది. ఎట్ల తీస్కపోతున్నవో అట్లనే తీస్కరావాలె" అంది. సరేనన్నాను. దుబాయ్ అన్నామే గానీ, మేం దిగింది ఖోర్ ఫక్కాన్ అనే రేవు పట్నం దాటాక సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో. అక్కడ బడి కడుతున్నారు. నాది ఇనుము కట్టే పని, బావది సెంట్రింగ్ పని.

మొదటి వేసవిలోనే బావ కళ్లు తిరిగి చెక్కల మీద పడిపోయాడు. "ఇంకోసారి పడితే ఇంటికి పంపేస్తారు, నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు ఫోర్‌మన్. మనిషి మంచివాడే, నోరే చెడ్డది. ఇంటికి పంపడం సరే, పైనుంచి కిందికి పడితే?

మా అదృష్టం, ఆ ఊరి బలదియాకు, అంటే మున్సిపాలిటీకి, పెద్దగా ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాడట. ఎండ సంగతి ఆయనకొకరు చెప్పాలా? వేసవి మధ్యాహ్నం ఎవరిచేతా బయట పని చేయించకూడదు, ఆ వేళ నీడలో కూర్చోవడం కూలివాడి హక్కు అని రూలు పెట్టించాడు. మా గురించి హక్కు అనే మాట ఒకరి నోట వినడం నాకదే మొదలు. ఆ రూలు పుణ్యాన బావ మరుసటి వేసవి గట్టెక్కాడు.

ఆ పై ఏడు ఎండలు ముదురుతున్నాయనగా, రాజధానిలో దేశమంతటికీ చట్టాలు చేసే పెద్దలు సమావేశమై, పని వేళలు తామే చూసుకుంటామని, ఊళ్లు సొంతంగా పెట్టుకున్న రూళ్లు చెల్లవని తేల్చేశారు. తేల్చేది చల్లటి గదిలో వాళ్లు, మాడేది ఇక్కడ మేము! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోర్‌మన్ వచ్చి "దోపహర్ కీ ఛుట్టీ ఖలాస్" అన్నాడు. మధ్యాహ్నపు విరామం అలా పోయింది. "గింత అన్యాలమా?" అని నేను చేతిలోని కమ్మీ విసిరికొట్టాను. బావ మాత్రం తలగుడ్డ తడుపుకుని పైకెక్కాడు.

మరునాడు మిట్టమధ్యాహ్నం ముసలాయన తన పాత జీపులో వచ్చి చాప పరిచి, ఖర్జూరాలు, గహ్వా కూజా దించాడు. "యల్లా, బైఠో" అని మమ్మల్ని వచ్చి కూర్చోమన్నాడు. ఫోర్‌మన్ అడ్డం వచ్చాడు. "రూలు పోయిందని నాకూ తెలుసు. వీళ్లు నా ఊరి మెహమాన్లు. మెహమాన్‌కు గహ్వా పోయొద్దని ఏ చట్టంలో రాశారు?" అని ఆయన వచ్చీరాని హిందీలో అడిగాడు. అతిథిని చాప మీంచి లేపడమంటే అక్కడ ఇంటాయన చెంప మీద కొట్టడమే. ఫోర్‌మన్ పక్కకు తప్పుకున్నాడు.

గహ్వా అంటే పాలూ చక్కెరా లేని కాఫీ. చిన్న కప్పులో కాస్త పోస్తారు. చాలనుకుంటే కప్పు ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మాకేం తెలుసు? బావ మర్యాదగా ఖాళీ కప్పు చాపడం, ఆయన నింపడం.

"బామ్మర్దీ, గీయన ఇడిశిపెడ్తలేడు! యాపరసం తాగినట్టే ఉందిరా" అని గొణిగాడు బావ.

"తాగు బావా, పెద్దాయన మనసు నొచ్చుకుంటది."

మేం కప్పులు ఊపకపోతే లేవం, లేవకపోతే పని లేదు. ఫోర్‌మన్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఎండ వాలాక ముసలాయన పకపకా నవ్వి, ఊపడం ఎలాగో చూపించాడు. చూపించి, బావ భుజం తట్టి, "రేపు కూడా ఊపకు" అన్నాడు.

ఇక చూడాలి మా నాటకం! అందరం ఏమీ తెలియని మొద్దులమైపోయాం. రోజూ తిట్టీ తిట్టీ, చివరికి ఫోర్‌మన్ కూడా చెమట తుడుచుకుంటూ చాప అంచున కూలబడ్డాడు. ఆయనా కప్పు ఊపలేదు.

మేమున్నన్నాళ్లూ ఆ రూలు మళ్లీ రాలేదు. ముసలాయన రావడం మానలేదు. వేసవి దాటాక సెలవు మీద ఊరెళితే అక్క బస్టాండుకే వచ్చింది. మా పెట్టెల వైపు చూడనైనా చూడలేదు. బావ చుట్టూ తిరిగి, భుజాలు తడిమి, "నల్లగైండు గని మంచిగున్నడు" అని కొంగుతో కళ్లొత్తుకుంది. బావ ముసలాయన సంగతంతా చెప్పాడు.

"గాయన మనకేమైతడు?" అంది అక్క.

"ఏం కాడక్కా, ఏం కాడు" అంటూ నేను బస్టాండులో అందరి ముందూ ఏడ్చేశాను.