సల్వా ఇంట్లో బొమ్మల గది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. అబద్ధాలు రాయడానికి అంత కష్టపడలేదు.

కువైట్‌లో, సల్వాలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం. ఆమె తండ్రి పెద్ద బాబా బొమ్మలు వేసేవాడు. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లను ఆకుపచ్చ ముఖాలతో, తలకన్నా పెద్ద చేతులతో వేసేవాడు. ఒకసారి వాటిని ప్రదర్శనకు పెడితే, జనం తిట్టిపోసి ఒక్కరోజుకే మూయించారట. బంధువులు ఆయన బొమ్మల గదివైపు వచ్చేవాళ్లే కాదు.

"ఊపిరాడక చచ్చినవాళ్లు అందంగా ఉంటారా?" అనేవాడు ఆయన.

బొమ్మ వేసే గుడ్డను నేలమీద పరిచి వేసేవాడు. అందుకే చెప్పులతో గడప దాటితే కేకలేసేవాడు. కూతురినైనా వదిలేవాడు కాదు.

ఇరాక్ సైన్యం వచ్చాక కుటుంబమంతా కారులో సౌదీకి వెళ్లిపోయింది. ఆయన కదలనన్నాడు. వండిపెట్టడానికి నేను ఉండిపోయాను. అప్పుడే చివరి బొమ్మ వేశాడు: కుక్కపళ్లున్న సైనికులు. రంగు ఆరకముందే గుండె ఆగి పోయాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఖననం చేశారు.

పక్కింటి డ్రైవరు ఖాదర్‌ది రాయచోటి.

"అక్కా, ఆ బొమ్మ కాల్చెయ్. వాళ్ల కంట్లో పడితే మన పని ఖలాస్."

"భయమైతే నువ్వు పో నాయనా. ఆయప్ప పోయినాడని ఆయప్ప పని కూడా మంటేయాల్నా?"

"అది నీకేమన్నా అన్నం పెడతాదా?"

"పెట్టదు. అయినా కాల్చను."

ఆయన పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఐదుగురు సైనికులు వచ్చారు. టీవీ, బియ్యం బస్తాలు బండిలో వేసుకున్నారు. తర్వాత బూట్లతోనే బొమ్మల గదిలోకి వెళ్లారు. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఏ చప్పుడూ లేదు.

కాసేపటికి ఐదుగురూ బూట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. ముందున్నవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లోపల ముసలాయన ఉన్నాడని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరబీలో అడిగాడు.

"ఎవరూ లేరు" అన్నాను.

"మరి బూట్లు విప్పమని అరిచిందెవరు?"

గేటు దాటేదాకా వాళ్లు బూట్లు తొడుక్కోలేదు. ఒక్క బొమ్మనూ ముట్టలేదు.

వెంటనే లోపలికి వెళ్లి చూశాను. కిటికీలు మూసే ఉన్నాయి. బూట్ల మట్టి గడప లోపల రెండడుగుల దాకా ఉంది. అక్కడితో ఆగిపోయింది.

యుద్ధం ముగిశాక మామా తిరిగొచ్చి ఆ సైనికుల బొమ్మను హాల్లో తగిలించింది. జరిగింది చెబితే, "భయంలో నీకేదో వినిపించి ఉంటుంది" అంది.

వినిపించింది వాళ్లకు. పది అడుగుల దూరంలో నిలబడిన నాకు ఒక్క మాటా వినిపించలేదు. అదెందుకో ఇప్పటికీ తెలియదు.