అక్క ఇంటి మజ్జిగ

మొన్న మార్కాపురంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా పక్క కుర్చీలోని కుర్రవాడు అన్నం గరిటె తన దగ్గరికి రాగానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నం తిననమ్మా" అని సంచిలోంచి స్టీలు డబ్బా తీశాడు. అందులో ఉడికించిన గుడ్లు, కాసిని బాదంపప్పులు. వడ్డిస్తున్న పెద్దావిడ గరిటె అలాగే పట్టుకుని వాడి ముఖంలోకి చూసింది. "ఏంది నాయనా, మా అన్నం చేదా?" అంది. నవ్వుతూనే అంది. వాడూ నవ్వాడే తప్ప జవాబు చెప్పలేదు. గుడ్డును ఒకసారి వాసన చూసి కొరికాడు. ఆవిడ పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. మా వరసలో అందరూ మళ్ళీ తినడంలో పడ్డారు గాని నేను వాడి డబ్బానే చూస్తూ ఉండిపోయాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పకపోతే అది ఎంత దూరం పోతుందో వాడికి తెలియదు. నాకు తెలుసు.

చాలా ఏళ్ళ కిందట నేనూ అలాంటి డబ్బా మోసినవాడినే. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన కొత్తలో, నాతో పలకల వ్యాపారం చేసే స్నేహితుడు ఒకాయన ఈ రాతియుగం తిండి గురించి చెప్పాడు. మనిషి సేద్యం నేర్వక ముందు ఏం తిన్నాడో అదే తినాలట. వరి, జొన్న, సజ్జ, ఏ గింజా ముట్టకూడదు. పప్పులు కూడదు. చక్కెర సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలు, పెరుగు, మజ్జిగ కూడా కూడదు, నెయ్యికి మాత్రం మినహాయింపు. మాంసం, గుడ్లు, కొబ్బరి, ఆకుకూరలు ఎంతైనా తినవచ్చు. తరతరాలుగా మెట్ట చేలల్లో జొన్నా కందీ వేసుకుని బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయన ఉండి ఉంటే, "సేద్యం నేర్వకముందు మనమే లేము గదరా, ఇంగ మన తిండేంది?" అనేవాడు. ఆయన లేడు. నేను మొదలుపెట్టాను. అబద్ధం చెప్పడమెందుకు, ఒళ్ళు తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం పోయింది. డాక్టరు కొన్ని మాత్రలు తీసేశాడు కూడా. అయితే పొట్ట కరిగిన చోటే అనుమానం వచ్చి కూర్చుంది.

నెయ్యి తెస్తే కల్తీ ఉందేమోనని అరచేతిలో వేసుకుని రుద్ది, వాసన చూసి, గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూసేవాణ్ణి. కొబ్బరినూనె గడ్డకట్టిన తీరు చూసేవాణ్ణి. మాంసం కొట్టు దగ్గర ఎప్పుడు కోశావని ఒక్కటికి పదిసార్లు అడుగుతుంటే కొట్టతను నన్ను చూడగానే ముఖం తిప్పుకునేవాడు. గుడ్లమ్మే ఆమె అయితే, "ఈయన కొనేదానికి రాల్యా, పిల్లను చూసుకునేదానికి వచ్చినాడు" అని పక్కవాళ్ళతో అనేది. ఇంట్లో కూర కాస్త చిక్కగా ఉంటే చాలు, శనగపిండి కలిపావా అని నా భార్యను నిలదీసేవాణ్ణి. ఒకరోజు ఆమె గిన్నె నా ముందు దించి, "శనగపిండే గాదు, ఇసం గూడా కలిపినా. తిని చూడు" అంది. అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాటను నిజంగానే నమ్మే మనుషులు మా చుట్టూ ఉన్నారని నాకు అప్పుడు గుర్తు రాలేదు.

మా అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ మంచాన పడ్డ ఏళ్ళలో నాకు ముద్దలు కలిపి పెట్టింది తనే. రాచర్ల దాటి లోపలికి పోయే ఒక పల్లెలో ఇచ్చారు. బావకు జీవాలున్నాయి, అంటే గొర్రెలూ మేకలూ. అవిగాక రెండు బర్రెలు. అక్క ఇంట్లో తెల్లవారితే కవ్వం చప్పుడే. పాలు అమ్మేది గాని మజ్జిగ అమ్మేది కాదు. మజ్జిగకు డబ్బు తీసుకోవడం మా వైపు తప్పు. పొద్దెక్కేసరికి వాళ్ళ అరుగు మీద చుట్టుపక్కల ఇళ్ళ చెంబులు వరసగా చేరేవి. చొట్ట పోయినది ఒకటి, అంచు విరిగినది ఒకటి, పెళ్ళికి ఇచ్చినప్పుడు చెక్కించిన పేరు సగం చెరిగిపోయినది ఒకటి. ఏ చెంబు ఎవరిదో అక్క చూడకుండానే చెప్పేది. ఏ ఇంట్లో చుట్టం వచ్చాడో, ఎవరి పిల్లవాడికి కడుపు బాగాలేదో ఆ చెంబుల వెంట వచ్చే మాటల్లోనే తెలిసిపోయేది. ఊళ్ళో ఆమెకున్న పరపతి అంతా ఆ అరుగు మీదే ఉండేది.

డబ్బా మొదలైన కొత్తలో వాళ్ళింటికి వెళ్తే, తమ్ముడు మాంసమే తింటాడట గదా అని అక్క పొట్టేలి కూర వండింది. నేను కంచం ముందు కూర్చుని బావను అడిగాను: ఆ జీవాన్ని కోశారా, లేక రోగం వచ్చి పడిపోతే వండారా అని. అడగవలసిన మాట కాదు. బావ పెరటి వైపు చెయ్యి చూపాడు. "నడిచే జీవాన్నే కోసినా బామ్మరిదీ. తోలు దండెం మీద ఆరేసినా, పోయి అడుగు, చెప్తాది" అన్నాడు. అందరం నవ్వాం. నేను మాత్రం రెండు ముక్కలు తిని చెయ్యి కడిగాను. ఆ తరువాత ఎప్పుడు వెళ్ళినా నా డబ్బా, నా నీళ్ళ సీసా నా వెంటే ఉండేవి. "ఒక ముద్ద సంగటి తింటే చస్తావా? ఒక గుక్క మజ్జిగన్నా తాగు" అని అక్క బతిమాలేది. నేను కదిలేవాణ్ణి కాదు. ఈలోపు నా బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కాలు కొయ్యకు తగిలించినట్టు వేలాడేవి.

ఒకసారి అక్క ఊరి నుంచి ఆటోలో తిరిగి వస్తుంటే, ఆమె ఎదురింటి అవ్వ నా పక్కన కూర్చుంది. చొట్ట చెంబు ఆమెదే. "ఏంది నాయనా, ఇట్ల ఎండిపోయినావు? అక్క ఇంట్లో నీళ్ళు గూడా ముట్టవంట గదా?" అంది. అప్పటికి ఈ రాతియుగం సంగతి కనపడ్డ ప్రతివాడికీ చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. తొందరగా తెమిలిపోయే జవాబు ఒకటి వెతుక్కుని, "ఆ ఇంటి తిండి నాకు పడటంల్యా అవ్వా" అన్నాను. అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. రాచర్లలో నా భుజం తట్టి దిగిపోయింది. బలే జవాబు చెప్పానని నాలో నేను సంతోషపడ్డాను.

మా వైపు పెట్టుడుమందు అని ఒక నమ్మకం ఉంది. గిట్టనివాళ్ళు తిండిలో ఏదో కలిపి పెడతారనీ, అది కడుపులో చేరి మనిషిని లోలోపలే ఆరగొట్టేస్తుందనీ అంటారు. దాన్ని కక్కించేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరైనా ఉన్నట్టుండి చిక్కిపోతే, ఎవరింట్లో తిన్నాడని ముందు అడుగుతారు. చదువుకున్నవాణ్ణి గనక అలాంటి మాటలు వింటే నవ్వేవాణ్ణి.

కొన్ని నెలలు అటువైపు వెళ్ళలేదు. తీరా వెళ్ళిన రోజు పొద్దు బాగా ఎక్కినా అరుగు ఖాళీగా ఉంది. ఒక్క చెంబు లేదు. పెరట్లో అక్క చిలికిన మజ్జిగంతా బర్రెల కుడితితొట్టిలో పోస్తోంది. "ఏందక్కా ఇది?" అంటే, "బర్రెలకు మంచిదిలే" అని తలెత్తకుండా లోపలికి పోయింది. సంగతి బావ చెప్పాడు, జీవాల దొడ్డి దగ్గర, గొర్రెపిల్లను విడిచిపెడుతూ, నా వైపు చూడకుండా. "నీ అక్క నీకు మందు పెట్టిందంట. మీ నాయన చేను నువ్వొక్కనివే రాయించుకుంటివి గదా, ఆ కడుపుమంటతో పెట్టిందంట. ఊళ్ళో అందరూ అదే. ఎవురు చెప్పినారంటే నువ్వే చెప్పినావంట, ఆటోలో." గొర్రెపిల్ల తల్లి పొదుగు చేరాక మళ్ళీ అన్నాడు: "మొన్న ఊళ్ళో ఒకరి పెద్దదినం వంటకు ఆడోళ్ళంతా పోయినారు. దీన్ని పిలవల్యా."

చేను మాట నిజమే. నాయన పోయాక నా ఒక్కడి పేరుకు రాయించుకున్నాను. అక్క ఒక్క మాట అనకుండా సంతకం పెట్టింది. దాని గురించి ఇన్నేళ్ళలో ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నా నోటితో చెడగొట్టినదాన్ని నా నోటితోనే బాగుచెయ్యాలనుకున్నాను. ఆ రోజు అక్కడే ఉండిపోయి, మర్నాడు ఆడవాళ్ళు కూలికి బయలుదేరే వేళకు అరుగు మీద కూర్చున్నాను. వీధికంతా వినబడేట్టు, "అక్కా, సంగటి పెట్టు. మజ్జిగ తీసుకురా" అని కేక వేశాను. పోయేవాళ్ళు నిలబడ్డారు. అవ్వ తన గడపలోకి వచ్చింది. అక్క కంచంలో సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి, చెంబు నిండా మజ్జిగ తెచ్చి నా చేతికి ఇచ్చింది. ఆమె ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో చెప్పలేను. నేను చెంబు ఎత్తాను. ఎత్తి, తాగబోయే ముందు, లోపలికి చూశాను.

నేతి గిన్నెల్లోకి చూసీ చూసీ పట్టుకున్న అలవాటు అది. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ బావ మాట ముందురోజు నుంచీ నాలో తిరుగుతూనే ఉంది. డబ్బా మొదలుపెట్టే ముందు చివరిసారి తిన్న తీపి అక్క పంపిన సున్నుండలే, సన్నబడటం ఆ తరువాతే గదా అని ఎక్కడో ఒక మూల లెక్క కట్టి ఉన్నాను. ఆమెకు అన్యాయం చేసినవాణ్ణి నేనే గనక, ఆమె పగ పట్టి ఉంటుందని అనుకోవడం నాకు ఊళ్ళోవాళ్ళకంటే సులువు. ఒక్క రెప్పపాటు, అంతే. అక్క చూసేసింది.

"ఊరనుకుంటే నేను ఏడవల్యా తమ్ముడా" అంది, నాకు మాత్రమే వినబడేట్టు. "నువ్వు గూడా చూస్తివే."

నా చేతిలోంచి చెంబు తీసుకుని, వీధి వైపు తిరిగి, ఒక గుక్క తాగింది. మూతి తుడుచుకుని మళ్ళీ నాకు ఇచ్చింది. తాగాను. సంగటి అంతా తిన్నాను. లేచి అవ్వ దగ్గరికి పోయి, నాకు షుగరని, డాక్టరుకు చూపించుకుంటూ కావాలనే గింజలు మానేశానని, మా అక్క ఏమీ పెట్టలేదని, తప్పు నా నోటిదేనని అందరూ వింటుండగా చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోయినట్టు చూసింది. "మేమేమన్నా అన్నామా నాయనా?" అంది. అంత మంది అనుకున్న మాట ఆ వీధిలో ఎవరూ అనలేదట. ఏళ్ళ తరబడి గింజ ముట్టని నా కడుపు ఆ పగలంతా ఉరుముతూనే ఉంది. నొప్పి అని పైకి అంటే మళ్ళీ ఏం పుడుతుందోనని పళ్ళు బిగపట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను.

చెంబులు ఒకేసారి రాలేదు. ఎండలు ముదిరాక ముందు చొట్ట చెంబు వచ్చింది, తరువాత ఒకటొకటిగా మిగతావి. నేనూ ఇప్పుడు అంత కఠినంగా లేను. ఇంట్లో చాలావరకు ఆ తిండే తింటాను, అది నాకు మేలు చేసిందనే అంటాను. ఎవరైనా పెడితే మాత్రం ఒక ముద్ద కాదనను. షుగరు కొన్నాళ్ళు మాట వింటుంది, కొన్నాళ్ళు వినదు. అయితే అక్కకు ఆ రోజు నుంచి ఒక అలవాటు మిగిలిపోయింది. ఎవరి చెంబులోనైనా మజ్జిగ పోసే ముందు తను ఒక గుక్క తాగుతుంది. నాకు కంచం పెట్టినా అంతే, అంచున చిన్న ముద్ద తుంచి తన నోట్లో వేసుకుని గాని నా ముందుకు జరపదు. మానుకోమని చాలాసార్లు చెప్పాను. "అలవాటైపోయిందిలే, తిను" అంటుంది, కోపం ఏమీ లేకుండా.

మనిషి సేద్యం నేర్వని కాలందాకా వెనక్కి నడిచి అక్కడివాళ్ళలా బతకవచ్చనుకున్నాను, కొన్నేళ్ళు బతికాను కూడా. కానీ చెంబులోకి చూసిన ఆ రెప్పపాటుకు ఇవతలే నిలబడిపోయాను, అక్క రుచి చూడకుండా నాకు ముద్ద పెట్టిన దాని అవతలి కాలంలోకి ఒక్క అడుగు వెయ్యడం ఇప్పటికీ నాకు చేతకాలేదు.